సెప్సిస్: విషమా, విషమమా?

సందేహం: పుండు “సెప్టిక్ అయింది” అంటాం. వైద్యులు రోగికి “సెప్సిస్” అంటారు. రెండూ ఒకటేనా? సెప్సిస్‌ను “రక్తం విషమయం కావడం” అని రాయవచ్చునా?

సమాధానం: ఒకటి కావు. కుళ్ళడాన్ని చెప్పే గ్రీకు ధాతువు నుంచే రెండూ పుట్టినా, వాడుకలో దారులు వేరయ్యాయి. “చీము పట్టింది” అనే చక్కని మాట ఉండగా “సెప్టిక్ అయింది” అనడం అనవసరం. సెప్సిస్ పుండుతో ఆగేది కాదు. ఊపిరితిత్తుల్లోనో మూత్రమార్గంలోనో పేగుల్లోనో మొదలైన ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కోబోయి, శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకొని ప్రాణం మీదికి తెచ్చుకోవడం సెప్సిస్. 2016లో వైద్యనిపుణులు సవరించిన నిర్వచనానికి సారాంశం ఇదే.

ఇక “విషమయం”. “పరిస్థితి విషమించింది” అన్నప్పుడు అందులో విషం ఉన్నదని చాలామంది భ్రమపడతారు. సమము కానిది విషమము. ‘వి’ ఉపసర్గ చేరగా సకారం షకారమైంది, అంతే. ఎగుడుదిగుడు నేల విషమం, బేసి సంఖ్య విషమం, పాదాల లక్షణాలు వేరువేరుగా ఉన్న పద్యం విషమవృత్తం. ఈ మాట అసలు బలం ఆయుర్వేదంలో తెలుస్తుంది. సుశ్రుతుడు ఆరోగ్యవంతుణ్ణి సమదోషుడు (వాత పిత్త కఫాలు సమంగా ఉన్నవాడు), సమాగ్ని (జఠరాగ్ని సమంగా ఉన్నవాడు) అని నిర్వచించాడు. ఒకప్పుడు మండి ఒకప్పుడు మందగించే జఠరాగ్ని విషమాగ్ని, వేళాపాళా లేక వచ్చిపోయే జ్వరం విషమజ్వరం. మన పత్రికలేమో కనబడిన ప్రతి జ్వరాన్నీ “విషజ్వరం” చేసి కూర్చున్నాయి! కాపాడవలసిన స్పందనే సమత తప్పడం సెప్సిస్ కనుక దానికి విషం కన్నా విషమమే దగ్గర. పైగా రక్తపరీక్షలో సూక్ష్మజీవి దొరకని సెప్సిస్ కూడా ఉంటుంది.

ఈ పట్టింపు పాండిత్యం కోసం కాదు. “సెప్టిక్” అన్న అలవాటుకొద్దీ సెప్సిస్‌నూ కట్టు కడితే మానే పుండుగా తలిస్తే ప్రాణాలు పోతాయి. ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషికి ఊపిరి వేగం పెరిగినా, అయోమయం కమ్మినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ సూక్ష్మజీవిని పెంచి గుర్తించే కల్చర్ పరీక్షకు రక్తం తీసి, జాప్యం లేకుండా యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయి షాక్‌లో ఉన్నవారికి గంటలోపే అది అందాలంటారు. సిరలోకి ద్రవాలు, అవి చాలకపోతే రక్తపోటు నిలిపే నార్‌ఎపినెఫ్రిన్ ఇస్తారు; లోపల చీము గూడుకట్టి ఉంటే తీసివేస్తారు.



తెలుగు మాటే కావాలంటే “విషమస్పందన” అనవచ్చునేమో గాని, వివరణ లేనిదే అది పాఠకుడికి అందదు. ప్రస్తుతానికి సెప్సిస్ అనే రాసి, మొదటిసారి వచ్చిన చోట ఒక వాక్యంలో అర్థం చెప్పడం మేలని నా అభిప్రాయం. “రక్తం విషమయం” మాత్రం వద్దు.