ముందు శాలకి గాలి రానియ్యి

చిరంజీవి అల్లుడికి అత్త దీవెనలు.

మొన్న ఆనందపురం వచ్చినప్పుడు నీ కొత్త పశువుల శాల చూసి సంతోషపడ్డాను గానీ, లోపల రెండు నిమిషాలు నిలబడేసరికి నా జాకెట్టు తడిసిపోయింది. నలుగురి ముందు అనడం బాగోదని ఊరుకున్నాను. నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాసు ఆవులు, రెండు ముర్రా గేదెలు పగలంతా ఆ ఉక్కలోనే ఉంటున్నాయి కదా! పాలు తగ్గాయని నువ్వు దాణా మార్చావు. నాకు దాణాలో తప్పేమీ కనబడలేదు.

నీళ్లని సన్నటి తుంపరగా చిమ్మే ఫాగర్లు పెట్టిస్తానన్నావు. అనంతపురంలో ఎవరికో బాగా పనిచేశాయట. పనిచేస్తాయి, అక్కడ గాలి పొడిగా ఉంటుంది. తుంపర గాల్లోనే ఆరిపోయి చల్లబరుస్తుంది. మన విశాఖ గాలిలో అప్పటికే బోలెడు తేమ ఉంటుంది. ఆ తుంపర ఆరక వెంట్రుకల మీద మంచులా పేరుకుంటుంది, ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదు. అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఆగు.

ఇది నేను పడి నేర్చుకున్నదే. ఒక మే నెలలో శాల చుట్టూ గోనెసంచులు కట్టి తడిపాను, చల్లగా ఉంటుందని. గాలి పూర్తిగా ఆగిపోయింది. మధ్యాహ్నం మూడింటికి మా జెర్సీ ఆవు నాలుక బయటపెట్టి, చొంగ కారుస్తూ రొప్పుతోంది. మీ మావయ్య పలుపు విప్పి మామిడిచెట్టు కిందకి తోలి, బిందెలతో ఒంటిమీద నీళ్లు పోశాడు. నీళ్లకి గాలి తోడయ్యాకే తేరుకుంది. సంచులు ఆ సాయంత్రమే పీకేశాను. పాలు మాత్రం చాలా రోజులు లేవలేదు.

అందుకని ముందు నీ దక్షిణం గోడ సంగతి చూడు. ఎండాకాలం మనకి గాలి ఎక్కువగా నైరుతి నుంచే వస్తుంది. నువ్వు సరిగ్గా ఆ వైపే కప్పు దాకా గోడ లేపావు, దాని బయట గడ్డికుప్ప వేశావు. మూడడుగులు ఉంచి పైన గోడ తీసేయ్. వానాకాలం జల్లు కొడుతుందనుకుంటే పైకి చుట్టుకునే టార్పాలిన్ కట్టుకో. గడ్డికుప్ప ఉత్తరం పక్కకి మార్చు, అది డబ్బు ఖర్చు లేని పని. కప్పు నడినెత్తిన సందు వదిలి, పైన చిన్న గొడుగులా రేకు వేయిస్తే వేడిగాలి అటునుంచి పోతుంది. ఆ రేకు మాత్రం గట్టిగా బిగించమను. 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఎవరి రేకు ఎవరి పొలంలో పడిందో మర్చిపోలేదు కదా.

ఫ్యాన్లు ఆ తర్వాత. ముప్పైఆరు అంగుళాల ఫ్యాను గాలి ముప్పై అడుగుల దాకా తగులుతుంది. ఎనిమిదడుగుల ఎత్తున, కాస్త కిందకి వంచి, అన్నీ ఒకే దిక్కుకి పెట్టు. ఎదురెదురుగా పెడితే ఒకదాని గాలి ఇంకోటి ఆపేస్తుంది. గాలి కప్పు కింద తిరిగితే లాభం లేదు, ఆవు వీపుకి తగలాలి.

నీళ్లు సన్నగా చిమ్మకు. చర్మం దాకా తడిసేలా నిమిషంసేపు పోసి ఆపు, ఐదారు నిమిషాలు ఫ్యాను గాలికి ఆరనియ్యి, మళ్లీ పొయ్యి. పొదుగు మీదకి కారేంత పోయకు, పొదుగువాపు వస్తుంది. నేల చిత్తడిగా ఉండకూడదు. ఫ్యాను లేకుండా ఊరికే తడిపితే ఉక్క ఇంకా పెరుగుతుంది.

గేదెలకి చెమట తక్కువ, పైగా నల్లతోలు. వాటిని రోజూ చెరువుకి తోలు. నీళ్లలో పడుకున్నంత సుఖం వాటికి నీ ఫ్యానుతో రాదు.

ఎప్పుడు తడపాలో ధర్మామీటరు అక్కర్లేదు. ఆవు డొక్క చూస్తూ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టు. అరవై దాటితే ఇబ్బంది పడుతున్నట్టే, ఎనభై దాటితే ఇంకేం ఆలోచించకుండా నీళ్లు మొదలుపెట్టు. పడుకోవాల్సిన వేళ అన్నీ నిలబడే ఉన్నా అనుమానించు.

తాగే నీళ్ల పైపు ఎండలో పడేశావు, చేయి పెడితే చుర్రుమంది. పాతిపెట్టించు. తొట్టి నీడలో పెట్టు. పాలిచ్చే ఆవు ఎండాకాలంలో రోజుకి వంద లీటర్లు తాగినా ఆశ్చర్యం లేదు, వేడినీళ్లయితే మూతి పెట్టి వదిలేస్తుంది. మేత తెల్లవారుజామునా రాత్రీ ఎక్కువ వెయ్యి. అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, అది మిట్టమధ్యాహ్నం ఎండతో కలవకూడదు.

రేకుల మీద సున్నం కొట్టించి, తాటాకు పరిపించు. వచ్చే ఏడాదికి ఆనప పాదు పాకిద్దాం, నేను గింజలు దాచి ఉంచాను.

వచ్చే ఆదివారం మావయ్యా నేనూ వస్తాం. ఆలోగా గడ్డికుప్ప ఒక్కటీ మార్చేయ్. గోడ ఎంతవరకు కొట్టాలో మావయ్య చూసి చెబుతాడు, తాపీమేస్త్రిని ఆ రోజు పదింటికి రమ్మను.

మీ అత్త