టెక్ సందేహాలు: ఫోనుకి నవ్వు కూడా చప్పుడే

స్టాండప్ కామెడీ చేసేవాళ్ల నుంచి ఈమధ్య రకరకాల ఫిర్యాదులు వస్తున్నాయి. ఈ వారం మిగతా సందేహాలు పక్కనపెట్టి వీటికే జవాబులు. కొత్తవాళ్ల కోసం: ఓపెన్ మైక్ అంటే ఎవరైనా వంతులవారీగా స్టేజీ ఎక్కే కార్యక్రమం, సెట్ అంటే ఒక వంతులో చెప్పేదంతా, బిట్ అంటే అందులో ఒక విషయం మీది జోకు.

"వారానికి రెండు ఓపెన్ మైకులు చేస్తాను, ప్రతి సెట్టూ ఫోన్లో రికార్డు చేస్తాను. హాల్లో బాగానే నవ్వారు. ఇంటికొచ్చి వింటే నా మాట తప్ప నవ్వే లేదు. ఫోన్ మార్చాలా?" — కూకట్‌పల్లి పాఠకుడు

మార్చక్కర్లేదు. మీ రికార్డర్ యాప్‌లో నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉండి ఉంటుంది. కొన్ని ఫోన్లలో అది మిమ్మల్ని అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. దగ్గర్నుంచి వచ్చే ఒక గొంతుని అది మాటగా తీసుకుంటుంది. నలభైమంది నవ్వు దాని లెక్కలో ఫ్యాన్ చప్పుడుతో సమానం, తుడిచేస్తుంది.

దాన్ని ఆపినా ఆటో గెయిన్ ఉంటుంది. చిన్న శబ్దాన్ని ఎత్తి, పెద్ద శబ్దాన్ని తొక్కి, అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తుంది. ముందు వరసలో ముగ్గురు కిసుక్కుమన్నా, హాలంతా గొల్లుమన్నా రికార్డింగ్‌లో ఒకేలా వినిపిస్తాయి. అది విని ఏ బిట్ ఉంచాలో, ఏది పడేయాలో నిర్ణయిస్తే మంచి బిట్టే చెత్తబుట్టలోకి పోతుంది.

సెట్టింగ్స్‌లో 'వాయిస్', 'ఇంటర్వ్యూ', 'మీటింగ్' లాంటి మోడ్‌లు వదిలేసి 'స్టాండర్డ్' పెట్టండి. ఫార్మాట్ వేవ్ (WAV), 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో. నిమిషానికి 5.3 ఎంబీ, అంటే 5 నిమిషాల సెట్టుకి 26 ఎంబీ చిల్లర. వంద సెట్లు దాచినా 3 జీబీ దాటదు. ఆండ్రాయిడ్ 7 నుంచి ఫోను కల్పించుకోని ముడి శబ్దాన్ని తీసుకునే వీలుంది, కానీ అన్ని ఫోన్లూ ఇవ్వవు, అన్ని యాప్‌లూ అడగవు. శబ్దం లెవల్‌ని చేత్తో సరిచేసుకునే యాప్ దొరికితే, దాని మీటర్‌లో మీ మాట మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర, నవ్వు మైనస్ 6 దాటకుండా పెట్టుకోండి. ఒకసారి పెట్టాక ప్రతి షోకీ అదే ఉంచండి. లేకపోతే మంగళవారం నవ్వుని శుక్రవారం నవ్వుతో పోల్చలేరు.

ఫోను జేబులో వద్దు, గుడ్డ రాపిడి తప్ప ఏమీ రాదు. స్పీకర్ పక్కన అసలే వద్దు. రెండో వరస టేబుల్ మీద మైకు రంధ్రం జనం వైపు తిప్పి పెట్టండి. ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి, ఎందుకంటే చాలా ఫోన్లలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది. రికార్డర్ యాప్‌కి బ్యాటరీ సేవర్ నుంచి మినహాయింపు ఇవ్వండి.

మర్నాడు పొద్దున్నే వినాలి. వారం ఆగితే హాలు మూడ్ మర్చిపోతారు, మీకు నచ్చిన బిట్‌కి మార్కులు ఎక్కువ వేసుకుంటారు. ప్రతి పంచ్‌కీ (నవ్వు పుట్టించే మాటకీ) సున్నా నుంచి 3 దాకా మార్కు వేసి, నవ్వు ఎన్ని సెకన్లు నిలిచిందో పక్కన రాయండి. పంచ్ మాట తర్వాత ఇంకా ఎన్ని మాటలు మాట్లాడారో కూడా లెక్కపెట్టండి. తెలుగులో క్రియ చివర పడుతుంది కాబట్టి ఇక్కడ చాలా బిట్లు దెబ్బతింటాయి. "ఆరంకెల పాస్‌వర్డ్ కావాలంటే మా నాన్న నా ఎంసెట్ ర్యాంకు పెట్టుకున్నాడు" అంటే నవ్వు రావాల్సిన మాట మీద ఇంకో మాట ఎక్కి కూర్చుంటుంది. "మా నాన్న ఫోను ఆరంకెల పాస్‌వర్డ్ కావాలంది. పెట్టాడు. నా ఎంసెట్ ర్యాంకు" అని చూడండి. తర్వాతి మైకులో ఈ ఒక్కటే మార్చండి. వరసా, సెటప్పూ (పంచ్‌కి ముందు చెప్పేది), పంచ్చూ అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. కనీసం మూడు వేర్వేరు హాళ్లలో చెప్పకుండా బిట్ కొట్టేయకండి. ఓపెన్ మైకులో సగం జనం తమ వంతు కోసం కూర్చున్న కమెడియన్లే, వాళ్లు నవ్వరు.

"సెట్ ఆడియోని అక్షరాల్లోకి మార్చే ఉచిత ఏఐ యాప్ వాడుతున్నాను. తెలుగు తప్పులతడకగా వస్తోంది. మంచిది చెప్పండి." — విజయవాడ పాఠకురాలు

తప్పులు రావడం మీ అదృష్టం. ఒక వాక్యంలో గుంటూరు యాస, సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్, హిందీ తిట్టు కలిస్తే ఏ యాప్ అయినా తడబడుతుంది. 5 నిమిషాల సెట్టు చేత్తో టైపు చేయడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలోనే మీరు ఎన్నిసార్లు 'అంటే', 'బేసికల్‌గా' అన్నారో కనిపిస్తుంది.

నన్ను భయపెడుతున్నది వేరే సంగతి. ఆ ఆడియో ఎక్కడికి పోతోంది? తెలుసుకోవడం తేలిక. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆఫ్ చేసి మార్చమనండి. మారలేదంటే పని జరిగేది మీ ఫోన్లో కాదు, ఎవరిదో సర్వర్లో. మారినా నెట్ వచ్చాక పంపదన్న హామీ లేదు కాబట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో వీలుంటే ఆ యాప్‌కి నెట్ పూర్తిగా కత్తిరించండి. మైకు అనుమతి 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని మార్చండి. షరతుల్లో 'సేవలు మెరుగుపరచడానికి' అన్న ముక్క ఉంటే, ఇంకా స్టేజీ ఎక్కని మీ జోకు వాళ్ల యంత్రానికి మేత కావచ్చు.

జోకు పోతే ఇంకోటి రాసుకోవచ్చు. ఆ ఫైల్లో మీ ఒక్కరి గొంతే ఉండదు, అదీ అసలు చిక్కు. క్రౌడ్ వర్క్‌లో, అంటే ప్రేక్షకులతో మాట కలిపి నవ్వించేటప్పుడు, మూడో వరస అబ్బాయి తన పేరు, కంపెనీ, బ్రేకప్ అన్నీ చెప్పేశాడు. మీకు ముందు ఎక్కిన ఇద్దరి సెట్లు కూడా పడ్డాయి. మీ వంతుకే రికార్డింగ్ మొదలుపెట్టండి. క్రౌడ్ వర్క్ ముక్కలో మీకు కావలసింది మీ జవాబే, అది రాసుకుని ఆ ముక్క చెరిపేయండి.

ఇంకా ఉడకని మాటలు మరీ ప్రమాదం. కులం, మతం, రాజకీయం మీద బిట్ మొదటిసారి చెప్పినప్పుడు మొరటుగానే వస్తుంది. పదోసారికి గానీ దాని గురి కుదరదు. ఆ మొదటి రూపం 20 సెకన్ల క్లిప్పై బయటికి పోతే వెనకా ముందూ ఎవరూ వినరు. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద, మతభావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరిస్తే 3 ఏళ్ల వరకు జైలు. మీకు ఆ ఉద్దేశం లేదని తేలేది తర్వాత, ముందు పోలీసు స్టేషను. 2021 జనవరి 1న ఇందోర్‌లో అరెస్టయిన స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీకి సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చింది ఫిబ్రవరి 5న.

ఇంత తెలిసీ డ్రాఫ్టులు 'లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని పెట్టి వాట్సాప్ గ్రూపులో పడేసేవాళ్లున్నారు. 'ఫీడ్‌బ్యాక్ కోసం' అట! ఆడియోనే నేరుగా పంపితే, గ్రూపులో ఇరవైమంది ఫోన్లలోకి ఆటోడౌన్‌లోడ్ అయ్యాక మీరు 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కి ఏం లాభం? ఒక్కసారే వినే వాయిస్ మెసేజ్‌నీ పక్క ఫోనుతో రికార్డు చేయొచ్చు. ఫీడ్‌బ్యాక్ కావాలంటే ఇద్దరు కూర్చుని చదివి వినిపించుకోండి. ఇప్పటిదాకా పంచిన లింకులన్నీ ఇవాళే తెరిచి 'పరిమితం' చేయండి.

"నోట్స్ యాప్‌లో రెండేళ్ల జోకులు పోయాయి. క్లౌడ్‌లో సింక్ అవుతోందిగా?" — వరంగల్

సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఒక ఫోన్లో చెరిపితే సింక్ అన్నిచోట్లా చెరుపుతుంది, దాని పనే అది. చెత్తబుట్టలో చూడండి. కొన్ని యాప్‌లు 7 రోజులు, కొన్ని 30 రోజులు ఉంచుతాయి. ఇకమీదట నెలకోసారి మొత్తం మామూలు టెక్స్ట్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఫైలు పేరు 2025-11-14 లాగా తేదీతో మొదలుపెడితే వాటంతటవే వరసలో నిలబడతాయి.

అమెరికన్ కమెడియన్ ఫిలిస్ డిల్లర్ తన జోకుల్ని 3x5 అంగుళాల కార్డుల మీదికి ఎక్కించి, విషయాల వారీగా ఇనప బీరువా సొరుగుల్లో పెట్టుకున్నారు. 50 వేలకు పైగా కార్డులున్న ఆ బీరువా ఇప్పుడు స్మిత్‌సోనియన్ వారి అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. దానికి అప్‌డేట్లు రావు, పాస్‌వర్డ్ మర్చిపోయే బాధా లేదు. మీ ఫైల్లోనూ ప్రతి బిట్‌కీ విషయం, తేదీ, చెప్పిన హాలు, వచ్చిన మార్కు ఒకే లైనులో రాయండి. వెతకడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

"రోజూ రాసే అలవాటు కోసం సైన్‌ఫెల్డ్ పద్ధతి యాప్ కొందామనుకుంటున్నా. ఏడాదికి 900 రూపాయలు." — డాలస్ నుంచి తెలుగు పాఠకుడు

క్యాలెండర్‌లో రోజూ గుర్తుపెట్టి గొలుసు తెగకుండా చూసుకోవాలన్న ఆ పద్ధతి తనది కాదని అమెరికన్ కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డే 2014లో రెడిట్‌లో చెప్పారు. పేరు ఆయనది, డబ్బు యాప్ వాళ్లకి. గొలుసు లెక్కపెట్టే యాప్‌ల మీద నాకు సదభిప్రాయం లేదు. గుర్తు పడాలని రాత్రి 11:55కి ఏదో ఒక లైను గిలికి పడుకోవడమే వీటివల్ల అలవాటయ్యేది. పొద్దున ఒకే టైముకి అలారం, 30 నిమిషాల టైమర్, కాగితం చాలు. నిన్నటి సెట్టులో సున్నా పడ్డ పంచ్‌కి మూడు కొత్త ముగింపులు రాయండి, కొత్త ప్రెమైస్ (జోకుకి మూలమైన ఆలోచన) ఒకటి రాయండి, లేవండి.

"స్టేజీ మీద ఫోన్ చూసి చదవొచ్చా?" — విశాఖ

వద్దు. స్క్రీన్ ఆరిపోతుంది, వెలిగితే మొహం కిందనుంచి నీలంగా కనిపిస్తుంది, మధ్యలో బ్యాంకు ఓటీపీ వస్తుంది. చిన్న కాగితం మీద బిట్‌కి ఒక్క మాట చొప్పున రాసి స్టూలు మీద పెట్టుకోండి. టైముకి వాచీలో 4 నిమిషాల దగ్గర వైబ్రేషన్ పెట్టి, మైకు లేని చేతికి కట్టుకోండి.