ఇంటర్వ్యూకి హోంవర్క్ ఇద్దరూ చేయాలి

ఇంటర్వ్యూకి అభ్యర్థి ఎలా ప్రిపేర్ కావాలి, అసలు ఇంటర్వ్యూ చేసేవాళ్లకి ప్రిపరేషన్ అవసరమా అని అడిగారు. ఉద్యోగాల కోసం చాలా ఇంటర్వ్యూలు ఇచ్చాను, ఇప్పుడు మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు నేనూ చేస్తున్నాను. నన్నడిగితే ఎక్కువ ప్రిపరేషన్ కావాల్సింది చేసేవాళ్లకే. కానీ ముందు అభ్యర్థుల సంగతి చూద్దాం.

వందల ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టే బదులు మీ రెజ్యూమె ప్రింట్ తీసి, ఒక్కో లైను పక్కన "ఇది ఎలా జరిగింది?" అని మీరే రాసుకోండి. జవాబు లేని లైను తీసేయండి. ఒకాయన "రిపోర్టు తయారీకి పట్టే సమయం 40 శాతం తగ్గించాను" అని రాశారు. ముందు ఎంత పట్టేది, ఎలా లెక్కపెట్టారు అని అడిగితే నీళ్లు నమిలారు. ఆ అంకె లేకపోతే నేను ఆ ప్రశ్నే అడిగేవాణ్ణి కాదు. అదే పోస్టుకి వచ్చిన ఒకావిడ అంకెల జోలికే పోలేదు. వాళ్ల ఆఫీసులో రెండు విభాగాల నెలవారీ లెక్కలు కలిసేవి కావట. ఒకరు బిల్లు తేదీని, ఇంకొకరు డబ్బు చేతికొచ్చిన తేదీని లెక్కలోకి తీసుకుంటున్నారని కనిపెట్టడానికి ఏయే కాగితాలు పక్కపక్కన పెట్టి చూశారో వరసగా చెప్పారు. ఇక అడగడానికి ఏముంది?

అలాంటి సంఘటనలు నాలుగైదు సిద్ధంగా ఉంటే చాలా ప్రశ్నల నుంచి గట్టెక్కొచ్చు. చెప్పే వరసకి స్టార్ పద్ధతి అని పేరుంది: పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసిన పని, ఫలితం. ఎక్కువమంది పరిస్థితి దగ్గరే కంపెనీ చరిత్రంతా చెప్పి, తాము చేసింది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దాన్ని తిరగేయండి. "మేం చేశాం" అన్నచోట మీ వాటా ఏమిటో విడిగా చెప్పండి. మనసులో అనుకుంటే సరిపోదు, పైకి చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి (మన గొంతు మనకే నచ్చదు, అయినా సరే). మీరూ ప్రశ్నలు అడగండి. "ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది?" అన్నది నాకు బాగా పనికొచ్చింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే సగం జవాబు వచ్చేసినట్టే.

ఇక ఇంటర్వ్యూ చేసేవాళ్లు. "మీ గురించి చెప్పండి" అనే ప్రశ్న చాలాసార్లు వచ్చేది రెజ్యూమె అప్పుడే తెరిచారు కాబట్టి! ఒకచోట నేను మాట్లాడుతుంటే ఆయన స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా, మౌస్ తిప్పుతూ "ఊఁ, ఊఁ" అన్నారు. రెండు నిమిషాలాగి, నేను చెప్పిందే మళ్లీ అడిగారు.

చదివి వచ్చినా ఇంకో చిక్కుంది. మొదటి ఐదు నిమిషాల్లో మనిషి నచ్చితే ఆ తర్వాత చెప్పినవన్నీ బాగానే వినిపిస్తాయి. దీనికి డేనియల్ కానెమన్ 1950ల్లోనే ఒక దారి చూపించారు. తర్వాత 2002లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న మనస్తత్వవేత్త ఆయనే. ఇజ్రాయెల్ సైన్యంలో కొత్తవాళ్ల ఇంటర్వ్యూలకి ఆరు లక్షణాలు ఎంచుకుని, ఒక్కోదానికి ప్రశ్నలు ముందే రాసిపెట్టారు. ఒకదానికి మార్కు వేశాకే రెండోదానికి వెళ్లాలి. మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నారని ఇంటర్వ్యూ చేసేవాళ్లు గొడవపెడితే, చివర్లో కళ్లు మూసుకుని మీ మనసుకి తోచిన మార్కు కూడా వేయండి అన్నారు. తమాషా ఏంటంటే, ఎవరు బాగా పనిచేస్తారో చెప్పడంలో ఆ ఆరు మార్కులూ పాత పద్ధతి కంటే మెరుగ్గా తేలడమే కాదు, చివరి మార్కు కూడా వాటికి దీటుగా పనిచేసింది. అంటే అంతఃప్రేరణ ఉండకూడదని కాదు, దాని వంతు చివర్లో రావాలి.

మా టీమ్‌లో అందరినీ అవే ప్రశ్నలు అడుగుతాం. మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు రాసేస్తారు, మేనేజర్ చివర్లో నోరు విప్పుతారు. లేకపోతే ఆయన "బాగున్నాడు" అన్నాక కాదనేదెవరు? పజిల్స్ మాత్రం మానేశాం. గూగుల్‌లో నియామకాలు చూసిన లాజ్లో బాక్ కూడా 2013లో అవి టైమ్ వేస్టని తేల్చేశారు. ఫలితం ఏ తేదీలోగా చెబుతారో ఇంటర్వ్యూ ముగించే ముందే చెప్పండి, తీసుకోకపోయినా ఆ తేదీకి మెయిల్ పెట్టండి.