డిష్‌లు బిగించే పనేనా, ఇందులో ఎదుగుదల ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తి చేశాడు. స్పోర్ట్స్ బార్లు, హోటళ్లు, జిమ్‌లలో ఉండే శాటిలైట్ టీవీ రిసీవర్లను నెట్‌వర్క్‌కు కలిపి, అన్నింటినీ ట్యాబ్లెట్‌లోని యాప్‌తో నడిపేలా ఏర్పాటు చేసే సంస్థలో ఉద్యోగం వచ్చింది. వాడు చాలా ఉత్సాహంగా ఉన్నాడు. నాకు మాత్రం డిష్‌లు బిగించే పనికే పెద్ద పేరు పెట్టారేమో అనిపిస్తోంది. పైగా జనం శాటిలైట్ మానేసి స్ట్రీమింగ్‌కు వెళ్లిపోతున్నారు కదా. చేరమనాలా, లేక సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించాలా?
– ఒక తండ్రి

జవాబు: మీ అనుమానంలో సగం నిజముంది. ఈ పేరుతో నిచ్చెనెక్కి కేబుల్ లాగే పని మాత్రమే ఇచ్చే సంస్థలూ ఉన్నాయి, కుర్రాడిని రెండేళ్లలో మంచి నెట్‌వర్క్ ఇంజనీరుగా తయారుచేసే సంస్థలూ ఉన్నాయి. ఆ తేడా కనిపెట్టాలంటే ముందు అక్కడ జరిగే పనేమిటో మీరు కొంచెం తెలుసుకోవాలి.

ఒక హాల్లో ఇరవై టీవీలు ఉన్నాయనుకోండి. ఒక్కోదాంట్లో ఒక్కో మ్యాచ్ రావాలంటే ఎన్ని చానళ్లు కావాలో అన్ని రిసీవర్లు ఉండాలి. వాటన్నింటినీ సాధారణంగా వెనక గదిలో ఒక ర్యాక్‌లో పేర్చి, అక్కడి నుంచి టీవీలకు బొమ్మ పంపిస్తారు. రిమోట్‌తోనే చిక్కంతా. ఒకే రకం బాక్సులన్నీ ఒకే ఇన్‌ఫ్రారెడ్ కోడ్‌కు పలుకుతాయి కాబట్టి, ఒకదాని కోసం నొక్కితే పక్కనున్న నాలుగూ మారిపోతాయి. దీనికి పాత పద్ధతి, ఒక్కో బాక్సు ముందు చిన్న ఇన్‌ఫ్రారెడ్ ఎమిటర్ అతికించడం. అది ఊడిపోతే అంతే సంగతులు. పైగా ఆ కోడ్ ఒకవైపే వెళుతుంది, బాక్సు విన్నదో లేదో తెలియదు.

నెట్‌వర్క్ ద్వారా అయితే బాక్సుకు దాని సొంత ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఇంటి నంబరు లాంటిది, ఉంటుంది. ఫలానా చానల్ పెట్టమని దానికొక్కదానికే చెప్పవచ్చు, ఇప్పుడు ఏ చానల్ నడుస్తోందని అడిగి జవాబు కూడా తీసుకోవచ్చు. ఉదాహరణకు అమెరికాలో డైరెక్‌టీవీ అనే శాటిలైట్ టీవీ సంస్థ రిసీవర్లు చాలావరకు 8080 పోర్టు (పరికరంలోకి వెళ్లే నంబరున్న తలుపు లాంటిది) మీద హెచ్‌టీటీపీ ఆదేశాలు, అంటే వెబ్ పేజీలు అడిగే పద్ధతిలో పంపేవి, అందుకుంటాయి. బాక్సు మెనూలో బయటి పరికరాలకు అనుమతి ఇచ్చి ఉండాలి, అంతే. అంటే బ్రౌజర్‌లో ఒక లింక్ టైప్ చేసినా చానల్ మారుతుంది. యాప్ చేసేది కూడా అదే, కాకపోతే సిబ్బందికి హాలు బొమ్మ, టీవీల గుర్తులు చూపించి చేస్తుంది.

ఇంతవరకూ ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. జీతం ఇచ్చేది ఇది చెడిపోయినప్పుడు బాగుచేసినందుకు. కరెంటు పోయి వచ్చింది, రూటర్ బాక్సులకు కొత్త అడ్రస్‌లు పంచింది. యాప్‌కు మాత్రం పాత అడ్రస్‌లే తెలుసు. మూలనున్న టీవీ కోసం నొక్కితే మధ్యలోని పెద్ద తెర మీద చానల్ మారిపోతుంది, అదీ సరిగ్గా ఆఖరి ఓవర్లో. ఒక్కో బాక్సు మ్యాక్ అడ్రస్‌కు (తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు) ఒక ఐపీని, రూటర్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీలో శాశ్వతంగా కేటాయించి, ఆ జాబితా రాసిపెట్టి ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

ఇంకో రకం ఇబ్బంది వైఫైతో. ట్యాబ్లెట్‌ను కస్టమర్ల వైఫైకి కలిపితే యాప్‌కు ఒక్క బాక్సూ కనపడదు. ఆ వైఫైలో పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా అడ్డుగోడ ఉంటుంది, ఉండాలి కూడా. ట్యాబ్లెట్‌ను వేరు వీల్యాన్‌లో (అవే కేబుళ్ల మీద విడిగా నడిపే నెట్‌వర్క్) పెట్టినా చిక్కే, ఎందుకంటే పరికరాలను వెతికే మల్టీకాస్ట్ పిలుపులు (ఒకేసారి చాలా పరికరాలకు వెళ్లేవి) మామూలుగా ఒక వీల్యాన్ దాటి ఇంకోదానిలోకి వెళ్లవు. తొందరపడే టెక్నీషియన్ అన్నింటినీ ఒకే నెట్‌వర్క్‌లో కలిపేసి, ‘అదిగో పనిచేస్తోంది’ అని చేతులు దులుపుకుంటాడు. ఇలాంటి బాక్సుల్లో చాలావాటికి ఆదేశం ఇవ్వడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. అదే వైఫైలో ఉన్న ఏ కుర్రాడైనా సరదాకి చానళ్లు మార్చేయగలడు. బాక్సులకు ప్రత్యేక వీల్యాన్ పెట్టి, ట్యాబ్లెట్‌కు మాత్రమే దారి వదలాలి. ఆఫీసు నుంచి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని రూటర్‌లో పోర్టు తెరిచిపెట్టే అలవాటు కూడా ఈ రంగంలో ఉంది. అది మీవాడు ఎంత పెద్ద సీనియర్ చెప్పినా చేయకూడదు, వీపీఎన్ (బయటి నుంచి భద్రంగా లోపలికి వచ్చే దారి) ఉన్నది అందుకే.

బొమ్మను కూడా నెట్‌వర్క్ మీదే పంపే చోట్ల పని ఇంకా చిక్కగా ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీ బొమ్మను కుదించకుండా పంపాలంటే సుమారు 3 గిగాబిట్లు కావాలి. నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెను స్విచ్ అంటారు, మామూలు 1 గిగాబిట్ స్విచ్‌లో అది పట్టదు. కుదించి పంపాలి, లేదా 10 గిగాబిట్ స్విచ్ పెట్టాలి. స్విచ్‌లో ఐజీఎమ్‌పీ స్నూపింగ్ (వీడియోను అడిగిన చోటికే పంపే ఏర్పాటు) సరిగ్గా అమర్చకపోతే ఒక టీవీకి వెళ్లాల్సిన వీడియో అన్ని పోర్టులకూ వరదలా పారి మొత్తం నెట్‌వర్క్ కూర్చుంటుంది. కేబుళ్లన్నీ బాగున్నా తెర నల్లగా ఉంటే, దారిలో ఎక్కడో ఒక పాత పరికరం హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణకు ఒప్పుకోవడం లేదని అర్థం కావచ్చు. ఇలాంటివి పట్టుకోగలిగినవాడిని ఏ సంస్థా వదులుకోదు.

ఇక శాటిలైట్ పోతుందన్న భయం. ఇళ్లలో అది తగ్గుతున్న మాట నిజమే, వ్యాపార స్థలాల్లోకీ స్ట్రీమింగ్ బాక్సులు వస్తున్నాయి. అయితే ప్రత్యక్ష ప్రసారంలో స్ట్రీమింగ్ తరచూ శాటిలైట్ కంటే కొన్ని సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, వెనకబడుతుంది. పక్క హాల్లో గోల్ అని కేకలు వినపడ్డాక మన తెర మీద బంతి ఇంకా మైదానం మధ్యలో ఉంటే ఏ యజమానీ ఊరుకోడు. అందుకే ఆటలు చూపించే చోట డిష్ అంత త్వరగా దిగదు. దిగినా మీవాడి చదువు వృథా కాదు. ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు సిగ్నల్ అందుకునే భాగం) 13 వోల్టులా 18 వోల్టులా, 22 కిలోహెర్ట్జ్ టోన్ వెళుతోందా అన్న జ్ఞానం డిష్‌తో పాటే పోతుంది. ఐపీ, వీల్యాన్, మల్టీకాస్ట్ పోవు. సమావేశ గదులు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, విమానాశ్రయాల్లోని తెరలు, కంట్రోల్ రూములు అన్నీ అవే పునాదుల మీద నడుస్తాయి. ఈ రంగాన్ని ఏవీ (ఆడియో, వీడియో) ఇంటిగ్రేషన్ అంటారు. ఉద్యోగం వెతికేటప్పుడు ఆ మాటతోనే వెతకాలి.

కాబట్టి నా సలహా, చేరమనండి, కానీ కొన్ని విషయాలు అడిగి. స్విచ్‌లు కాన్ఫిగర్ చేసేది ఈ సంస్థ మనుషులేనా, బయటివాళ్లా? పని పూర్తయ్యాక కమిషనింగ్‌కు, అంటే అన్నీ పరీక్షించి అప్పగించే పనికి, కొత్తవాళ్లను వెంట తీసుకెళతారా? మొదటి ఆరు నెలలు కేబుల్ లాగించినా బాధపడవద్దు. రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదన్న నియమం పుస్తకంలో చదివినవాడికంటే, దాటిన చోట లింక్ పడిపోవడం చూసినవాడికే బాగా గుర్తుంటుంది. ఏడాది దాటినా స్విచ్ లాగిన్ చేతికి ఇవ్వకపోతే మాత్రం వేరే చోటు చూసుకోవాలి.

మీరు అడగకపోయినా ఒక విషయం చెప్పాలి. ఇంటి కోసం తీసుకున్న టీవీ చందాను వ్యాపార స్థలంలో చూపించడం ఒప్పంద ఉల్లంఘన. వ్యాపార స్థలాలకు చందా వేరు, ధర వేరు. ఖర్చు తగ్గిస్తామని ఇంటి ఖాతాలతో బాక్సులు పెట్టే సంస్థ అయితే మొదటి రోజే బయటికి వచ్చేయమనండి.

సాఫ్ట్‌వేర్ కోర్సు సంగతి. ఇది ఉద్యోగానికి పోటీగా పెట్టాల్సిన విషయం కాదు. వాడికి కొంచెం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే చాలు, రోజూ పొద్దున్నే హాలు తెరవకముందు అన్ని బాక్సులనూ పలకరించి, ఏది జవాబివ్వడం లేదో మెయిల్ పంపే చిన్న స్క్రిప్ట్ రాసుకోవచ్చు. నాకు తెలిసినంతవరకు ఈ రంగంలో కుర్రాళ్లను పైవాళ్ల దృష్టిలో పడేసేది ఇలాంటి పనే. ఇంట్లో ఒక పాత రూటర్, రెండు పరికరాలు ఉంటే డీహెచ్‌సీపీ కేటాయింపు, వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లు చూడటం ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.

సర్టిఫికెట్లలో ముందు నెట్‌వర్క్‌వి. సీసీఎన్‌ఏ (సిస్కో సంస్థ ఇచ్చే నెట్‌వర్క్ సర్టిఫికెట్) స్థాయి చదువు చాలు, పరీక్ష ఉద్యోగంలో చేరాక రాసినా పరవాలేదు. ఆ తర్వాత ఏవీఐఎక్స్‌ఏ అనే ఏవీ రంగ సంఘం ఇచ్చే సీటీఎస్ సర్టిఫికెట్. 2017 వరకు ఆ సంఘం పేరు ఇన్ఫోకామ్ ఇంటర్నేషనల్, పాత ప్రకటనల్లో ఆ పేరే కనిపిస్తుంది. సీటీఎస్‌ను మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. దాని మీద ఇన్‌స్టాలేషన్‌కు ఒకటి, డిజైన్‌కు ఒకటి పై స్థాయివి ఉన్నాయి. డిజైన్ వైపు వెళ్లినవాళ్లకు నిచ్చెన బాధ తగ్గుతుంది. ఆడియో నెట్‌వర్కింగ్ కోసం డాంటే (నెట్‌వర్క్ మీద ఆడియో పంపే పద్ధతి) సర్టిఫికేషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, అది ముందే చేసుకోవచ్చు. క్రెస్ట్రాన్ లాంటి కంట్రోల్ వ్యవస్థల శిక్షణ ఎక్కువగా డీలర్ సంస్థల ఉద్యోగులకే అందుతుంది. అది కావాలంటే ఉద్యోగంలో చేరడమే దారి.

పనివేళల గురించి ముందే మాట్లాడుకోండి. హాలు మూసి ఉన్నప్పుడే పని జరుగుతుంది కాబట్టి రాత్రుళ్లు, తెల్లవారుజాములు తప్పవు. పెద్ద మ్యాచ్ ఉన్న సాయంత్రం ఫోన్ మోగుతుంది. ఆ ఫోన్లు వంతులవారీగా ఎత్తుతారా, కొత్తగా చేరినవాడి మీదే పడేస్తారా అన్నది ఆఫర్ లెటర్ మీద సంతకం చేయకముందే తేల్చుకోవాలి.

వీలైతే ఆ సంస్థ ఇదివరకు పని చేసిన ఒక చోటికి మీ అబ్బాయిని పంపించండి. అక్కడి మేనేజర్‌ను అడిగి ర్యాక్ వెనక వైపు చూసి రమ్మనండి. ప్రతి కేబుల్‌కూ లేబుల్, తలుపు లోపల ఐపీ అడ్రస్‌ల జాబితా ఉంటే నేర్పేవాళ్లు ఉన్న చోటే అనుకోవచ్చు.