సిమ్ మార్చే ముందు, మధ్యలో మాటలు మోసేవాళ్లను ఆపు

విజయనగరం నుంచి ఒక చెల్లి అడిగింది. డిగ్రీలో తనతో చదివిన అబ్బాయితో కొన్నాళ్లు ఫోన్లో బాగానే మాట్లాడింది, తర్వాత ఇష్టం లేదని చెప్పేసింది. ఏడాది దాటినా వాడు వదలడం లేదు. బ్లాక్ చేస్తే ఇంకో నంబర్ నుంచి చేస్తాడు. కోచింగ్ వదిలే వేళకి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నిలబడి ఉంటాడు. ఇంట్లో అమ్మకు ఒక్కదానికే తెలుసు, ఆవిడ సిమ్ మార్చేయమంటోంది. "మొదట మాట్లాడింది నేనే కదా, ఇప్పుడు కంప్లైంట్ ఇస్తే నిలబడుతుందా? పేరు పాడవదా?" అన్నది తన ప్రశ్న.

చెల్లీ, నాది శ్రీకాకుళం. నీకన్నా పదేళ్లు పెద్దదాన్నే అయ్యుంటాను, అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. నాకు ఇది 14 నెలలు నడిచింది.

2021 డిసెంబరులో నరసన్నపేటలో చుట్టాల పెళ్లిలో పరిచయమయ్యాడు. మా వదిన తమ్ముడికి స్నేహితుడు. మూడు వారాలు మాట్లాడుకున్నాం. రాత్రి పదకొండుకి ఫోన్ ఎత్తకపోతే పొద్దున్నే లెక్క అడిగేవాడు, ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు, ఫోటో తీసి పెట్టు అని. సంక్రాంతి వెళ్లగానే ఇక వద్దని మెసేజ్ పెట్టేశాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

వాడు ఏం చేశాడో నీకు తెలుసు, నువ్వూ చూస్తున్నావు. మా వాళ్లు ఏం చేశారో ముందు చెప్తాను. నేను బ్లాక్ చేసిన వారానికే మా వదిన ఫోన్. "పాపం, అన్నం తినడం లేదంట. ఒక్కసారి మాట్లాడీవే, ఊరుకుంటాడు." సరే కదా అని మాట్లాడాను. నలభై నిమిషాలు. ఎందుకు వద్దో చెప్పాను, మంచిగా చెప్పాను, చివర్లో నా గొంతు కూడా పట్టేసింది. అదే వాడికి కావలసింది. ఏడిస్తే ఇంకా మనసులో ఉన్నట్టే అని ఊళ్లో నలుగురికీ చెప్పుకున్నాడట.

తర్వాత పెదనాన్న దిగారు. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడదాం అన్నారు. కూర్చోబెట్టారు కూడా, వాళ్ల హాల్లోనే. టీ తాగాం. ఇంక ఫోన్ చెయ్యనని వాడు అరసవల్లి సూర్యనారాయణస్వామి మీద ఒట్టేశాడు. ఆ మరుసటి ఆదివారం నేనూ అమ్మా అరసవల్లి వెళ్తే, దర్శనం లైన్లో మా వెనకాల పది మంది అవతల ఉన్నాడు. మేం ఆ రోజు వెళ్తున్నట్టు పెదనాన్న వాళ్లింట్లో తప్ప ఎవరికీ తెలీదు. లైన్లో నిలబడే నాకు బుర్ర వెలిగింది. వాడు నన్ను వెతుక్కోనక్కర్లేదు, నా సంగతులు వాడి ఇంటికే వెళ్తున్నాయి. పెదనాన్న కావాలని చేశారనను. 'పాపం కుర్రాడు' అనుకుంటూ చెప్పేసే మాటలవి.

ఆ సాయంత్రమే నలుగురికి ఒకే మాట చెప్పాను. వదినకి, పెదనాన్నకి, వదిన తమ్ముడికి, నా ఫ్రెండ్ ఒకమ్మాయికి. "వాడి మాట నా దగ్గరికి తేకండి, నా మాట వాడి దగ్గరికి తీసుకెళ్లకండి. తెస్తే మీ ఫోన్ కూడా ఎత్తను." అన్నయ్య నా మీద అరిచాడు. వదిన రెండు నెలలు మాట్లాడలేదు. నా టెన్షన్ సగం తగ్గింది మాత్రం ఆ రెండు నెలల్లోనే. నీకూ వాడికీ కామన్ ఫ్రెండ్స్ ఎవరెవరున్నారో ముందు వాళ్ల పేర్లు రాసుకో.

ఇక రుజువుల సంగతి. నేను ఒక మెడికల్ షాపులో లెక్కలు చూస్తాను. కౌంటర్ మీద స్కానర్, పక్కనే డబ్బులు పడితే అరిచే స్పీకర్ పెట్టె. ఒకరోజు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు, పెట్టె మాత్రం "ఒక రూపాయి అందింది" అంది. ఎవరో పొరపాటున పంపారనుకున్నాను. రెండు నిమిషాలకి మళ్లీ ఒక రూపాయి. ఆ తర్వాత రోజూ. జనం నిండి ఉన్నప్పుడు అది అరుస్తుంటే కస్టమర్లు నవ్వేవాళ్లు, నాకు మాత్రం చేతులు చల్లబడిపోయేవి. నా సొంత నంబర్‌కి కూడా పంపేవాడు, కింద 'ఒక్కసారి మాట్లాడు' అని రాసి.

వాడికి తట్టనిది ఏమిటంటే, సిమ్‌లు ఎవరెవరి పేర్ల మీదో ఉన్నా బ్యాంకు ఖాతా మాత్రం వాడి పేరు మీదే ఉంది. ప్రతి రూపాయికీ తేదీ, టైమ్, యూటీఆర్ నంబర్ (బ్యాంకు ఒక్కో చెల్లింపుకీ ఇచ్చే నంబర్), పంపినవాడి పేరు. మొత్తం 63 రూపాయలు. షాపు ఓనరు నాకు మావయ్య వరస, ఆయన ఒక్క ప్రశ్న వేయకుండా బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు తీసి, వాడి వరుసలన్నీ ఎర్ర పెన్నుతో గీసి ఇచ్చారు. నీకూ ఇలా డబ్బులు వస్తే తిరిగి పంపకు. అదీ జవాబు కిందే లెక్క.

కాల్స్ లెక్క ఇంట్లో గోడ క్యాలెండర్ మీద రాసేదాన్ని, అమ్మ పాల లెక్క రాసే గడుల్లోనే. 'అర లీటరు' కింద 'రా. 11.40, ఆరు మిస్డ్ కాల్స్' అని. తర్వాత స్టేషన్‌కి ఆ కాగితాలే పట్టుకెళ్తే ఫిర్యాదులు రాసుకునే రైటర్ గారు తిప్పి తిప్పి చూసి "ఇది పాల లెక్కా, కేసా అమ్మా?" అన్నారు. నవ్వొచ్చింది కానీ, ఏ రోజు ఏం జరిగిందో తడుముకోకుండా చెప్పగలిగాను. నువ్వు నోట్‌బుక్ పెట్టుకో. మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకు, అసహ్యమేసినా సరే. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు నువ్వు సేవ్ చేసుకున్న పేరు కాదు, నంబర్ కనపడాలి. కాంప్లెక్స్ దగ్గర నిలబడిన రోజుల తేదీలు, పక్కన ఎవరున్నారన్నదీ రాయి.

నీ అసలు ప్రశ్న. మొదట మాట్లాడావా లేదా అని చట్టం అడగదు. నిర్భయ ఘటన తర్వాత 2013లో చట్టం మార్చినప్పుడు ఐపీసీలో 354డి అని వెంటపడటం మీదే ప్రత్యేకంగా ఒక సెక్షన్ పెట్టారు. 2024 జులై 1 నుంచి అది ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. నీకు ఇష్టం లేదని స్పష్టంగా తెలిశాక కూడా పదేపదే వెంటపడినా, మాట కలపడానికి ప్రయత్నించినా నేరమే. నెట్‌లో నువ్వేం చేస్తున్నావో కనిపెట్టడమూ అందులోకే వస్తుంది. మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు జైలు, జరిమానా. రెండోసారి అయితే ఐదేళ్ల వరకు, అప్పుడు నాన్ బెయిలబుల్. కాబట్టి 'ఇష్టం లేదు' అన్న మాట ఒకే ఒక్కసారి, మెసేజ్‌లో ఉండాలి. 'ఇప్పుడు కుదరదు', 'ఇంట్లో ఒప్పుకోరు' లాంటివి వద్దు. ఇంట్లో ఒప్పుకోరు అంటే వాడు మీ ఇంట్లోవాళ్లను ఒప్పించే పనిలో పడతాడు. 'నాకు ఇష్టం లేదు, ఇంకెప్పుడూ నన్ను కలవడానికీ మాట్లాడటానికీ ప్రయత్నించకు' చాలు. ఆ తర్వాత తిట్టడానికి కూడా నోరు తెరవకు.

స్టేషన్ గురించి తీపిగా చెప్పను. నేను మొదట వెళ్లినప్పుడు కౌంటర్లో ఒకాయన "చిన్న విషయం, మాట్లాడుకుని సర్దుకోండి" అన్నారు. మళ్లీ మధ్యవర్తే! 2022 నవంబరులో ఒక సోమవారం ఎస్పీ ఆఫీసులో స్పందనకి (జనం దగ్గర అర్జీలు తీసుకునే కార్యక్రమం) వెళ్లి కాగితం ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఇప్పుడు దాన్నే ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు, సోమవారమే. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపే హక్కు కూడా చట్టంలోనే ఉంది. ఏ స్టేషన్ పరిధి అని తిప్పితే జీరో ఎఫ్ఐఆర్ అడుగు, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా రాసుకునేది. ఈ సెక్షన్ కింద నీ ఫిర్యాదు మహిళా పోలీసు గానీ, ఎవరైనా మహిళా అధికారి గానీ రాసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి.

వాడిని పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చారు. రెండున్నర నెలలు చప్పుడు లేదు. ఆ తర్వాత మళ్లీ రూపాయి. 2023 మార్చిలో 354డి కింద ఎఫ్ఐఆర్ అయింది, బెయిలబుల్ కాబట్టి వాడు ఆ రోజే బయటికొచ్చాడు. అది తెలిసి నేను ఆ రాత్రి నిద్రపోలేదు, అబద్ధం ఎందుకు. కానీ తహసీల్దార్ దగ్గర బైండోవర్ చేశారు, అంటే ఇక గొడవ చేయనని పూచీకత్తు రాయించారు. వాళ్ల నాన్న వచ్చి పూచీకత్తు మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. వాడికి జైలు కన్నా ఆ సంతకమే ఎక్కువ పనిచేసిందని నా లెక్క. ఆ రోజు నుంచి ఒక్క కాల్ లేదు. కోర్టు వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి, పాత సెక్షన్ కిందే, ఎందుకంటే నేరం కొత్త చట్టం రాకముందు జరిగింది.

చచ్చిపోతానని, చీటీలో నీ పేరు రాస్తానని బెదిరిస్తే (నా వెంటపడినవాడు రెండుసార్లు చేశాడు) నువ్వు ఓదార్చడానికి ఫోన్ చేయకు. స్క్రీన్‌షాట్ తీసి 112కి చెప్పు, వాళ్ల ఇంట్లోవాళ్లకు మీ నాన్నగారి చేత ఒక్క ఫోన్ చేయించు. బతికించాల్సినవాళ్లు వాళ్లు. యాసిడ్ అన్నా, దారి కాచి చెయ్యి పట్టుకున్నా కాగితాలూ నోట్‌బుక్కూ పక్కన పెట్టి వెంటనే 112. శక్తి యాప్ ఫోన్లో వేసుకో, నా టైములో దిశ యాప్ ఉండేది.

అవును, మీ నాన్నగారికి చెప్పు. నేను పది నెలలు దాచాను, బీపీ మనిషి, ఏమైపోతారో అని. చెప్పిన రోజు ఆయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి తెల్లచొక్కా వేసుకొచ్చి "పద" అన్నారు. ఎస్పీ ఆఫీసులో మూడు గంటలు బెంచీ మీద నా పక్కనే కూర్చున్నారు.

పేరు సంగతంటావా, కొంత పోతుంది. రణస్థలం సంబంధం ఒకటి వెనక్కి వెళ్లింది, ఆ కేసు వల్లేనని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను వాదించను.

చివరికి సిమ్. పారేయకు. పారేస్తే రుజువులు ఆగిపోతాయి, వాడు కొత్త నంబర్ కోసం మళ్లీ అందర్నీ అడగడం మొదలెడతాడు. నేను ఆ సిమ్ పాత బటన్ ఫోన్లో వేసి సైలెంట్‌లో ఛార్జింగ్ పెట్టేదాన్ని, రాత్రిపూట మా తమ్ముడు చూసి క్యాలెండర్ మీద రాసేవాడు. నా చేతిలో కొత్త నంబర్. అది తొమ్మిది మందికే ఇచ్చాను. మా వదిన అందులో లేదు. ఆమెకి పోయిన ఏడాది ఇచ్చాను.