నల్లజాతి కవితను ఎవరు అనువదించాలి?

ప్రశ్న: 2021లో అమెరికా అధ్యక్షుడు బైడెన్ ప్రమాణ స్వీకార వేదికపై నల్లజాతి యువకవయిత్రి అమాండా గోర్మన్ చదివిన కవితను డచ్ భాషలోకి అనువదించే పని నుంచి తెల్లజాతి రచయిత ఒకరు, విమర్శలు రావడంతో, తప్పుకున్నారు. అనువాదానికి జాతి అడ్డు కావచ్చునా?

జవాబు: కారాదు. అయితే అక్కడి అభ్యంతరం వేరు: మౌఖిక కవిత్వంలో పేరున్న నల్లజాతి యువతులు నెదర్లాండ్స్‌లోనే ఉండగా వారినెందుకు ఎంచుకోలేదని పాత్రికేయురాలు జానిస్ డ్యూల్ అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అదే కవితను జర్మన్‌లోకి ముగ్గురు స్త్రీలు కలిసి అనువదించారు.

తెలుగులోకి అనువదించేటప్పుడు నన్ను ఎక్కువగా వేధించేది మాటల ఎంపిక. ‘బ్లాక్’ అన్న మాటను నల్లజాతి రచయితలు ఆత్మగౌరవంతో తమదిగా చేసుకున్నారు. దానిని మనం ‘నల్లవాడు’, ‘నల్లది’ అని రాస్తే, పెళ్ళిచూపుల్లో పిల్ల ఒంటిరంగును తూచే మన ఇళ్ళలోని చిన్నచూపంతా ఆ వాక్యంలోకి చొరబడుతుంది. అందుకే నేను ‘నల్లజాతి’ అనే రాస్తాను.