సీటు వచ్చింది, కాగితం ఆగింది: విదేశీ చదువుపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విశాఖలో, ముఖ్యంగా ద్వారకానగర్ చుట్టుపక్కల, సీటు తెప్పించే కన్సల్టెన్సీలకు కొదవ లేదు. అందుకేనేమో ఈ నెల ఉత్తరాల్లో సీటు ఎలా తెచ్చుకోవాలని అడిగినవాళ్లు తక్కువ, సీటు వచ్చాక ఏదో ఒక కాగితం దగ్గర ఇరుక్కున్నవాళ్లు ఎక్కువ. కింద రాసిన ఫీజులు, మొత్తాలు ఏటా మారుతుంటాయి. డబ్బు కట్టే రోజున ఆయా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఇంకోసారి సరిచూసుకోండి.

మా అబ్బాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరంతా గివెన్ నేమ్‌లోనే పడింది. అమెరికా యూనివర్సిటీ పంపిన ఐ-20లో (సీటు ఇచ్చామని వీసా కోసం ఇచ్చే పత్రం) 'ఎఫ్‌ఎన్‌యూ' అని వచ్చింది. వీసా ఇవ్వరా? (ఒక తల్లి, గాజువాక)

దానివల్ల వీసా ఆగదమ్మా. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకపోతే ఉన్న పేరంతా ఐ-20లో సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. గివెన్ నేమ్ చోట 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అనేదాన్ని పొట్టి చేసి ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు. వీసా మీదా అంతే. తంటా అంతా అక్కడికి వెళ్లాకే. సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా, ఒక్కోచోట పేరు ఒక్కోలా ఎక్కుతుంది. రేపు ఉద్యోగంలో చేరేటప్పుడు అవన్నీ ఒకటేనని నిరూపించుకుంటూ తిరగాలి.

మనవాళ్లకే ఇది ఎక్కువగా ఎందుకొస్తుందంటే, పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పేరు వెనక, అంతా ఒకే వరసలో ఉంటుంది. నెట్ సెంటర్లో దరఖాస్తు నింపేటప్పుడు ఆ వరసను ఉన్నదున్నట్టు గివెన్ నేమ్‌లో కొట్టేస్తారు.

చేతిలో రెండు నెలలుంటే సరిచేయించండి. వరస ముఖ్యం. ముందు ఆధార్‌లో స్పెల్లింగు పదో తరగతి మెమోతో అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూడండి. తర్వాత పాస్‌పోర్టు రీ-ఇష్యూకి పెట్టి, వివరాల మార్పు కింద ఇంటిపేరును విడిగా రాయించండి. 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు రూ.1,500, తత్కాల్ అయితే ఇంకో రూ.2,000. కొత్త పాస్‌పోర్టు స్కాన్ చేసి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు పంపితే పేరు సవరించి ఐ-20 మళ్లీ ఇస్తారు. విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు సెవిస్‌లో మీవాడి నంబరు మారదు కాబట్టి 350 డాలర్ల సెవిస్ ఫీజు రెండోసారి కట్టక్కర్లేదు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 మాత్రం కొత్త పాస్‌పోర్టు నంబరుతో మళ్లీ నింపి, దాని నంబరును అపాయింట్‌మెంట్ ప్రొఫైల్లో కూడా మార్చాలి. చాలామంది మరిచిపోయేది ఈ చివరి పనే. విశాఖ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు పాత డీఎస్-160 బార్‌కోడుతో వెళ్తే తేదీ చేజారవచ్చు.

ఇంటర్వ్యూ పది పదిహేను రోజుల్లోనే ఉంటే ఏమీ కదపకండి, ఎఫ్‌ఎన్‌యూతోనే వెళ్లనివ్వండి. నోటరీ అఫిడవిట్ ఒకటి పెడితే చాలని ఎవరైనా చెబితే డబ్బు దండగ చేసుకోకండి. వీసా మీద పేరు పాస్‌పోర్టును చూసే ముద్రిస్తారు.

బ్రిటన్‌లో లండన్ బయట ఎంఎస్సీ సీటు వచ్చింది. డబ్బు నాన్న ఖాతాలో చూపిస్తే చెల్లుతుందా? లేకపోతే కమీషన్ తీసుకుని నెల రోజులు మా ఖాతాలో 'ఫండ్స్' పెడతామని ఒకరు అంటున్నారు. (విద్యార్థిని, మధురవాడ)

నాన్నగారి ఖాతా నిక్షేపంగా చెల్లుతుంది. మీ జనన ధ్రువపత్రం, ఆయన సంతకంతో ఒప్పుదల లేఖ జతచేయండి. చూపాల్సింది రెండు మొత్తాల కూడిక. క్యాస్‌లో (సీటు ఖాయమని యూనివర్సిటీ ఇచ్చే పత్రం) రాసిన మొదటి ఏడాది ఫీజులో ఇంకా కట్టాల్సిన భాగం ఒకటి, నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు, అంటే 10,539 పౌండ్లు, రెండోది. లండన్‌లో అయితే నెలకు 1,529.

ఈ మొత్తం ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి. ఆ 28వ రోజుకూ మీరు దరఖాస్తు పెట్టే రోజుకూ మధ్య 31 రోజులు దాటకూడదు. సగటు నిల్వ చూడరు, ఏ ఒక్క రోజు సాయంత్రమైనా నిల్వ తగ్గితే లెక్క పోయినట్టే. అదే ఖాతా నుంచి ఇంటి లోన్ ఈఎంఐ, ఎల్ఐసీ ప్రీమియం ఆటోమేటిక్‌గా కట్ అవుతుంటే ముందే వేరే ఖాతాకు మార్పించండి. మీ రూపాయల్ని దరఖాస్తు రోజు ఓండా అనే కరెన్సీ వెబ్‌సైటు రేటుతో పౌండ్లలోకి మారుస్తారు కాబట్టి గీత మీద నిలబెట్టకండి, ఓ ఐదు శాతం పైన ఉంచండి. ఎప్పుడైనా తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్ పనికొస్తుంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, పీఎఫ్ నిల్వ పనికిరావు. వైద్య సర్‌చార్జి వీసా ఫీజుతో పాటు విడిగా కట్టాలి. ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది ఎంఎస్సీకి వీసా కోర్సు అయ్యాక మరో నాలుగు నెలలు ఉంటుంది కాబట్టి మామూలుగా ఏడాదిన్నర లెక్కన 1,164 పడుతుంది.

ఇక ఆ కమీషన్ ఫండ్స్ సంగతి: వద్దు. వీసా అధికారులు బ్యాంకుకు రాసి కనుక్కుంటారు. మోసమని తేలితే పదేళ్లు బ్రిటన్ తలుపు మూసుకుంటుంది.

ఆనందపురం దగ్గర ఎకరంన్నర తోట ఉంది. చదువు లోన్‌కు తనఖా పెడతానంటే బ్యాంకు ఒప్పుకోవడం లేదు. దానికి లోన్ కంటే ఎక్కువ విలువే ఉంది కదా? (ఒక తండ్రి, పెందుర్తి)

ఇక్కడ విలువతో పేచీ లేదండి, చట్టంతోనే. అప్పు తీరనప్పుడు కోర్టుకు వెళ్లకుండా ఆస్తి స్వాధీనం చేసుకునేందుకు బ్యాంకులకు వీలిచ్చేది 2002 నాటి సర్ఫేసీ చట్టం. అది వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే తోట ఎంత మంచిదైనా మేనేజరు పక్కన పెడతాడు. ఇల్లు, ఫ్లాటు, లేదా విశాఖ అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఆమోదించిన లేఅవుట్‌లో ప్లాటు చూపండి. ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), మంజూరైన ప్లాను సిద్ధంగా ఉంచుకోండి. లీగల్ ఒపీనియన్ దగ్గర ఫైలు ఆగేది సాధారణంగా లింకు డాక్యుమెంటు ఒకటి దొరక్కే. మీ పేరున అలాంటి ఆస్తి లేకపోతే బంధువుల ఇల్లు వాళ్ల సంతకంతో పెట్టవచ్చు.

రూ.4 లక్షలు దాటిన విదేశీ చదువు లోన్‌లో 15 శాతం మీ వాటా ఉండాలని బ్యాంకుల నమూనా పథకం. స్కాలర్‌షిప్ వస్తే దాన్నీ అందులో కలుపుతారు. బ్యాంకు లోన్‌తో పంపే ఫీజుకు టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడదు. సొంత డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో రూ.10 లక్షలు దాటితే దాటిన మేరకు పడుతుంది, రిటర్ను వేసి సర్దుకోవచ్చు. ఫీజును మార్చికి ముందు కొంత, ఏప్రిల్ తర్వాత కొంత పంపే వీలుంటే అలా పంపండి.

నా సీజీపీఏ 7.8. జర్మన్ గ్రేడు ఒక వెబ్‌సైటులో 2.1, ఇంకోదాంట్లో 2.32 అని వస్తోంది. ఏది నిజం? (బీటెక్ విద్యార్థి, షీలానగర్)

మీ యూనివర్సిటీలో పాస్ కావడానికి కనీస గ్రేడు పాయింటు ఎంతో దాన్నిబట్టి. అత్యధిక మార్కులోంచి మీ మార్కు తీసేయండి. వచ్చినదాన్ని, అత్యధిక మార్కుకూ కనీస పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించండి. మూడుతో గుణించి ఒకటి కలపండి. కనీసం 4 అనుకుంటే 2.2ను 6తో భాగిస్తారు, 2.1 వస్తుంది. 5 అనుకుంటే 5తో భాగిస్తారు, 2.32 అవుతుంది. అక్కడ 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 చివరి పాస్. మెమో వెనక ముద్రించిన గ్రేడు పట్టిక చూడండి, అది లేకపోతే కాలేజీ ఎగ్జామ్ సెల్ నుంచి గ్రేడింగ్ విధానంపై లేఖ తీసుకోండి. 2.5 కటాఫ్ పెట్టిన కోర్సులకు ఈ చిన్న తేడాయే గట్టెక్కిస్తుంది, ముంచుతుంది కూడా.

మీ చదువు పత్రాలు అసలైనవేనని చెప్పే ఏపీఎస్ ధ్రువపత్రం లేకుండా 2022 నవంబరు నుంచి మన విద్యార్థులకు జర్మనీ వీసా లేదు. ఫీజు రూ.18,000. మెమోలన్నీ చేతికొచ్చిన వారంలోనే దానికి పెట్టేయండి. చాలా జర్మన్ యూనివర్సిటీల తరఫున దరఖాస్తులు చూసే యూని-అసిస్ట్ ద్వారా వెళ్తే మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, తర్వాత ప్రతిదానికీ 30. బ్లాక్డ్ అకౌంటులో 11,904 యూరోలు వేయాలి, అక్కడికెళ్లాక నెలకు 992 చొప్పున మీకే ఇస్తారు.

ఐ-20లో కోర్సు మొదలయ్యే తేదీ ఆగస్టు 24. ఎప్పుడు బయల్దేరాలి? వెళ్లిన వెంటనే ఏం చేయాలి? (విద్యార్థి, సీతమ్మధార)

ఆ తేదీకి 30 రోజుల ముందు, అంటే జులై 25 కంటే ముందు అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. ఆగస్టు రెండో వారంలో చేరేలా టికెట్టు తీయండి. ఐ-20 మీద మీ సంతకం చేసి, చేతి బ్యాగులోనే ఉంచండి.

ముందు టీకాల పని మొదలుపెట్టండి. చాలా యూనివర్సిటీలు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసులు అడుగుతాయి. రెంటికీ మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. జులైలో మేల్కొంటే రెండో డోసు విశాఖలో వేయించుకునే టైముండదు. చిన్నప్పటి కార్డు పోయి ఉంటే యాంటీబాడీ రక్తపరీక్ష రిపోర్టు సాధారణంగా ఒప్పుకుంటారు. టీబీకి చర్మం మీద చేసే పరీక్ష బదులు ఐజీఆర్‌ఏ రక్తపరీక్ష అడగండి. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లకు చర్మ పరీక్షలో లేని టీబీ ఉన్నట్టు చూపించవచ్చు. బీసీజీ ప్రభావం ఐజీఆర్‌ఏ మీద ఉండదు.

దిగాక ఆన్‌లైన్‌లో మీ ప్రవేశం నమోదైన ఐ-94 రికార్డు తెరిచి పేరు, ఎఫ్-1 అనే విద్యార్థి హోదా సరిగ్గా పడ్డాయో లేదో చూడండి. తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసులో చెక్-ఇన్. కోర్సు తేదీ నుంచి 30 రోజుల్లోపు వాళ్లు మిమ్మల్ని సెవిస్‌లో నమోదు చేయాలి. క్రెడిట్లు పూర్తిగా తీసుకోకపోయినా, చెక్-ఇన్ చేయకపోయినా ఆ నమోదు జరగక రికార్డు రద్దవుతుంది. ఎంఎస్‌కు మామూలుగా సెమిస్టరుకు 9 క్రెడిట్లు. అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే లెక్కకొస్తుంది. రిజిస్ట్రేషన్ మీద 'హోల్డ్' కనిపిస్తే రెండు కారణాలు చూడండి: టీకా ఫారం, లేదా సీల్డ్ కవరులో ఆఖరి ట్రాన్‌స్క్రిప్టు. సీఎంఎం (మార్కులన్నీ కలిపిన మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) మీరే విప్పిన కవరులో ఇస్తే తీసుకోరు. అందుకే ఇక్కడే రెండు సీల్డ్ కవర్లు ఎక్కువ తీసుకుని, విప్పకుండా పట్టుకెళ్లండి.